అక్క చదివింది, నేను నడిపాను

మిట్ట అవతల ఏముందో కనబడదు. మట్టి రోడ్డు కొంచెం ఎత్తెక్కి, ఆకాశంలోకి పోయినట్టే పోయి, దిగువన ఎడమకు తిరుగుతుంది. ఆ మలుపుకు లోపలి వైపు, రోడ్డు కంటే ఎత్తుగా ఉన్న గట్టు మీద మెడలో విజిల్ వేసుకుని నిలబడ్డాను. ర్యాలీ మార్షల్‌గా, అంటే కారు పోటీ జరిగే రోడ్డు పక్కన నిలబడి భద్రత చూసేవాడిగా, అది నా మొదటి రోజు. కారు కంటే ముందు దాని మోత వచ్చింది. మిట్ట దగ్గరికి వచ్చేసరికి మోత తగ్గుతుందని ఎదురుచూశాను. తగ్గలేదు. నాలుగు చక్రాలూ తేలికైపోయి కారు మిట్ట దాటింది. పూర్తిగా నేలకు దిగకముందే దాని ముక్కు ఎడమకు తిరిగి ఉంది. రెండు సెకన్లలో దుమ్ము తప్ప ఇంకేమీ మిగల్లేదు.

మా మార్షల్ పోస్టు పెద్దాయన్ని అడిగాను, "అవతల ఏముందో కనబడకుండా అంత వేగంగా ఎలా వెళ్తున్నారండీ?" అని. ఆయన తల తిప్పకుండానే చెప్పారు: "చూసి నడిపితే కాలు వెనక్కి వస్తుంది. వాళ్లు విని నడుపుతున్నారు."

ఆ మాట నా ఒంటికి ఎక్కడానికి రెండేళ్లు పట్టింది. ర్యాలీలోకి ఎలా రావాలని నన్ను అడిగేవాళ్లకు ఆ రెండేళ్లలో నేను నడిచిన దారే చెబుతాను. మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చినా ఇలాగే వస్తాను.

ముందు మార్షల్‌గా వెళ్లమని చెప్పడానికి బలమైన కారణం ఉంది. టీవీలో చూస్తే ర్యాలీ అంటే కారు మాత్రమే కనబడుతుంది. రోడ్డు పక్కన రోజంతా నిలబడితే మిగతాదంతా తెలుస్తుంది. ర్యాలీలో కార్లు పక్కపక్కన తోసుకోవు. మూసేసిన రోడ్డు మీద ఒకదాని తర్వాత ఒకటి, నిమిషమో రెండు నిమిషాలో ఎడంతో బయలుదేరతాయి. దాన్ని స్పెషల్ స్టేజీ అంటారు. పోటీ గడియారంతో. ఒక స్టేజీ నుంచి ఇంకో స్టేజీకి మామూలు రోడ్డు మీద, ట్రాఫిక్ నియమాలు పాటిస్తూ, చెప్పిన నిమిషానికి చేరాలి. అందుకే అంత భీకరంగా ఉండే కారుకూ నంబరు ప్లేటు, ఇండికేటర్లు, హారన్ ఉంటాయి.

మార్షళ్లకు మొదట నేర్పేది ఎక్కడ నిలబడకూడదో. మలుపుకు బయటి వైపు వద్దు, రోడ్డు కంటే పల్లంలో వద్దు, పారిపోవడానికి వెనక చోటు లేని దగ్గర అసలే వద్దు. అదుపు తప్పిన కారు ఎటు పోతుందో మలుపును చూస్తేనే తెలుస్తుంది, ఆ గీత మీద మనిషి ఉండకూడదు, అంతే. 1986లో పోర్చుగల్ ర్యాలీలో కారు ప్రేక్షకుల్లోకి దూసుకెళ్లి ప్రాణాలు పోయాయి. అదే ఏడాది కోర్సికా దీవిలో జరిగిన ర్యాలీలో డ్రైవర్ హెన్రీ టోయివొనెన్, పక్క సీట్లో కూర్చుని దారి చదివే ఆయన కో-డ్రైవర్ సెర్జియో క్రెస్టో లోయలో పడి కాలిపోయారు. ఆ ఏడాదితో గ్రూప్ బి అనే అతి శక్తిమంతమైన తరగతి కార్లకు ప్రపంచ ర్యాలీ చాంపియన్‌షిప్‌లో తెరపడింది. మా శిక్షణలో ఈ రెండు ప్రమాదాల గురించీ చెప్పి, కాసేపు ఎవరూ ఏమీ మాట్లాడలేదు. నాకు ఆ నిశ్శబ్దం ఇప్పటికీ గుర్తుంది.

మార్షల్‌గా రెండు ర్యాలీలు చేశాక టీఎస్‌డీలోకి దిగాను. అంటే కాలం, వేగం, దూరం. ఇందులో రోడ్డు మూయరు, వేగంతో గెలవరు. రోడ్ బుక్‌లో బాణం బొమ్మలుంటాయి, వాటిని ట్యులిప్ అంటారు, నెదర్లాండ్స్‌లో జరిగే ట్యులిప్ ర్యాలీ వల్ల ఆ పేరొచ్చింది. ఫలానా చోటి నుంచి ఫలానా చోటి దాకా సగటున ఇంత వేగంతో రావాలని చెబుతారు. దారిలో ఎక్కడో చెప్పని చోట సమయం నోట్ చేస్తారు. ముందొచ్చినా తప్పే, ఆలస్యమైనా తప్పే. మామూలు కారు చాలు, హెల్మెట్ కూడా అక్కర్లేదు.

పక్క సీట్లో ఎవరు కూర్చుంటారన్న ప్రశ్నకు మా ఇంట్లోనే జవాబు దొరికింది. మా అక్కకు లెక్కలంటే ప్రాణం. రోడ్ బుక్ తెరిచి రెండు పేజీలు చూసి, "ఇందులో నడిపేవాడికి పనేముందిరా, అంతా ఈ పక్కనే ఉంది" అంది. నిజమే. బయలుదేరిన చోటు నుంచి కొంతదూరం వరకు దూరం సరిచూసుకునే భాగం ఇస్తారు. రోడ్ బుక్‌లో 10 కిలోమీటర్లు అన్న చోట మా మీటరు 10.3 చూపించింది. మూడు శాతమే కదా అనుకున్నాను. అక్క కాగితం మీద వేసి చూపించింది. 60 కిలోమీటర్లు పోయేసరికి మా మీటరు 1.8 కిలోమీటర్లు ఎక్కువ చూపిస్తుంది, గంటకు 36 కిలోమీటర్ల సగటులో అది సరిగ్గా మూడు నిమిషాలు. మీటరునే నమ్ముకుని వెళ్తే మూడు నిమిషాలు ఆలస్యంగా చేరతాం. ఇంకో లెక్క కూడా ఆమె దగ్గరే నేర్చుకున్నాను: 36 అంటే సెకనుకు 10 మీటర్లు. కిలోమీటరు రాయి దగ్గర 4 సెకన్లు వెనకబడితే 40 మీటర్లు. ఆ తర్వాత నేను స్పీడోమీటర్ చూడటం మానేశాను, "రెండు వెనక", "ఒకటి ముందు" అని అక్క చెబుతుంటే కాలు దానికి తగ్గట్టు కదిలేది. వినడం అక్కడే మొదలైందని ఇప్పుడనిపిస్తుంది.

ఆ మధ్యలోనే ఖాళీ మైదానంలో కోన్లు పెట్టి నడిపించే ఆటోక్రాస్‌లకు వెళ్లాను. కంకర మీద కారు ఎలా తిరుగుతుందో తెలుసుకోవడానికి ఇంతకంటే క్షేమమైన చోటు లేదు. మాది ముందు చక్రాలతో నడిచే పాత హ్యాచ్‌బ్యాక్. ఇలాంటి కారు కంకర మీద చేసే మొదటి అల్లరి ఏమిటంటే, స్టీరింగ్ తిప్పినా తిన్నగా పోతుంది. ఇంకా తిప్పితే ఇంకా తిన్నగా పోతుంది. ముందు చక్రాలకు పట్టు దొరకాలంటే బరువు ముందుకు రావాలి, బరువు ముందుకు రావాలంటే బ్రేకు కావాలి లేదా యాక్సిలరేటర్ వదలాలి. కుడికాలు యాక్సిలరేటర్ మీదే ఉంచి ఎడమకాలితో బ్రేకు తాకితే కారు ముక్కు లోపలికి వస్తుంది, ఇంజిన్ వేగం పడిపోదు. 1960 నుంచి 1962 వరకు వరుసగా మూడుసార్లు బ్రిటన్‌లో ఆర్‌ఏసీ ర్యాలీ గెలిచిన ఎరిక్ కార్ల్‌సన్ ఈ ఎడమకాలి బ్రేకును చిన్న సాబ్ కారుతో లోకానికి చూపించాడు. అదీ ముందు చక్రాల కారే, మూడు సిలిండర్ల టూ-స్ట్రోక్ ఇంజిన్. క్లచ్చి తొక్కడానికి అలవాటుపడిన ఎడమకాలికి సున్నితత్వం ఉండదు. మొదటి రోజు తాకుదామనుకున్న ప్రతిసారీ కారు ముక్కు నేలకు కొట్టుకుని ఆగిపోయింది. వారం వారం వెళ్తే నాలుగు నెలలకు ఆ కాలికి బుద్ధి వచ్చింది.

ఇక స్టేజీ ర్యాలీకి కావలసినవి. లైసెన్సు, వైద్య పరీక్ష వంటివి ఒక్కో దేశంలో ఒక్కో రకంగా ఉంటాయి. ప్రపంచ స్థాయిలో మోటారు క్రీడలను నడిపేది 1904లో పుట్టిన ఎఫ్‌ఐఏ, దాని కింద ప్రతి దేశంలో ఒక క్రీడా సంస్థ. ముందు ఆ సంస్థ నియమావళి చదవాలి. నేను అక్షరం అక్షరం చదివాను. అందులో రోల్ కేజ్, అంటే కారు బోల్తా పడినా లోపలివాళ్లను కాపాడే గొట్టాల చట్రం, దాని అధ్యాయాన్ని రెండుసార్లు చదివాను. ఎఫ్‌ఐఏ నియమాల ప్రకారం ప్రధాన కమాను అతుకు లేని కోల్డ్ డ్రాన్ ఉక్కు గొట్టంతో చేయాలి. 45 మిల్లీమీటర్ల వ్యాసమైతే గోడ మందం 2.5, 50 అయితే 2 మిల్లీమీటర్లు. ఇది తెలిసినవాడు ఎవరో వెల్డింగ్ చేసిన నీటి గొట్టాల మధ్య కూర్చోడు.

కారు కొని కేజ్ కట్టించడం కంటే, నియమాల ప్రకారం కట్టిన కేజ్ ఉన్న కారు కొనడం మేలని నాకు చెప్పారు, నేనూ అదే చేశాను. ఆ కారులో ఒక లోపం దాదాపు నా కంట పడకుండా పోయేది. బెల్టులు కొత్తవాటిలా మెరుస్తున్నాయి. అమ్మినవాడు ఇవి బాగానే ఉన్నాయన్నాడు. బెల్టు మీద కుట్టిన చిన్న లేబుల్ తిప్పి చూసింది అక్క. గడువు అయిపోయి ఏడాది దాటింది. ఎఫ్‌ఐఏ బెల్టులకు ఐదేళ్లే ఆయుష్షు. ఎండకూ రాపిడికీ ఆ నేత లోపల బలహీనపడుతుంది, పైకి కనబడదు. సీటుకూ అలాగే తేదీ ఉంటుంది. పాత ర్యాలీ కారు చూడటానికి వెళ్తే ఇంజిన్ మూత ఎత్తే ముందు ఈ లేబుళ్లు చూడండి, నా మాట వినండి. బెల్టులు కొత్తవి వేయించాం. మెడను కాపాడే హాన్స్ పరికరం, ఎఫ్‌ఐఏ 8856-2018 ప్రమాణం ఉన్న నిప్పు తట్టుకునే దుస్తులు, లోపల వేసుకునేవి కూడా అదే రకం. నైలాన్ బనియను వేసుకుంటే మంటలో అది కరిగి ఒంటికి అంటుకుంటుంది. బెల్టు కోసే కత్తులు రెండు, ఇద్దరికీ చేతికందే చోట.

ఇంత రాశాక అసలు విషయానికి వస్తున్నాను. నాకు రాయాలని ఉన్నది దీని గురించే. పేస్ నోట్స్. అంటే దారిలోని ప్రతి మలుపునూ ముందే రాసిపెట్టుకున్న మాటలు, పక్క సీటు నుంచి చదువుతుంటే డ్రైవరు విని నడిపేవి.

1955లో ఇటలీలో మిల్లె మిగ్లియా రేసును స్టిర్లింగ్ మోస్ గెలిచాడు. పక్కన పాత్రికేయుడు డెనిస్ జెంకిన్సన్. ముందే దారంతా తిరిగి మలుపులన్నీ రాసుకుని, ఆ కాగితాన్ని చుట్టగా చుట్టి ఓ పెట్టెలో పెట్టుకున్నారు. గాలి హోరులో మాట వినబడదు కాబట్టి చేతి సైగలతో చెప్పేవాడు. దాదాపు 1,600 కిలోమీటర్లు 10 గంటల 7 నిమిషాల్లో వెళ్లారు, సగటున గంటకు 157 కిలోమీటర్ల పైచిలుకు. కనబడని మిట్టలను ఆ సైగల మీద నమ్మకంతో దాటించాడు మోస్. మా పోస్టు పెద్దాయన చెప్పినది అదే కదా.

మా మొదటి ర్యాలీ రెక్కీలో, అంటే పోటీకి ముందు దారి చూసి రాసుకునేటప్పుడు, ఒక్కో స్టేజీని రెండుసార్లు, మామూలు కారులో, వేగ పరిమితి లోపల చూడనిచ్చారు. మొదటిసారి నేను చెబుతుంటే అక్క రాస్తుంది. రెండోసారి అక్క చదువుతుంటే నేను సరిచేస్తాను. ఆరు అంకెల పద్ధతి తీసుకున్నాం. ఒకటి అంటే బాగా బిగువైన మలుపు, ఆరు అంటే దాదాపు తిన్నని రోడ్డు. కొందరు దీన్నే తిరగేసి వాడతారు. ఏదైనా సరే, డ్రైవరు మనసులో ఒక అంకెకు ఒకే వేగం ఉండాలి.

ర్యాలీకి నెల ముందే ఇంట్లో ఒక సమస్య వచ్చింది: ఏ భాషలో చదవాలి? లెఫ్ట్, రైట్ అని మొదలుపెట్టాం. ఇంటర్‌కమ్‌లో, ఇంజిన్ గోలలో, రాళ్లు కారు అడుగున కొడుతుంటే రెండూ ఒక్క దెబ్బలాగే వినిపించాయి. 'ఎడమ', 'కుడి' అని మార్చి చూశాం. ఒకదానికి మూడు అక్షరాలు, ఇంకోదానికి రెండు. సగం వినబడినా దరువును బట్టి ఏదో తెలిసిపోతుంది. ఆ సాయంత్రం నుంచి మా నోట్స్ తెలుగులోకి వచ్చేశాయి. అంకెల దగ్గర మాత్రం చిక్కొచ్చింది. ఐదు, ఆరు రెండూ పొట్టివే, రెండూ ఒకేలా ముగుస్తాయి, అదీ ఎక్కువ వేగంలో వచ్చే మలుపులు. పొరపాటుకు అక్కడ చోటు లేదు. ఆరును తీసేసి 'ఫ్లాట్' అని పెట్టాం. మలుపు పోనుపోను మూసుకుంటే 'బిగువు', తెరుచుకుంటే 'విప్పు'. లోపలి అంచున రాయో గుంతో ఉంటే 'కొయ్యొద్దు'. ఎత్తుకు 'మిట్ట'. ఒక మలుపు వెంటనే ఇంకోటి ఉంటే మధ్యలో దూరం చెప్పకుండా 'వెంటనే'. కారు పాడయ్యే చోటుకు 'జాగ్రత్త', ఆ మాట ఒక స్టేజీలో రెండు మూడుసార్లకు మించి వాడకూడదని నియమం పెట్టుకున్నాం, లేకపోతే దాని విలువ పోతుంది.

మా పుస్తకంలో ఒక వరుస ఇలా ఉంటుంది: ఎడమ నాలుగు, అరవై, మిట్ట మీద కుడి ఐదు, వెంటనే ఎడమ మూడు బిగువు కొయ్యొద్దు. అందులో అరవై అంటే తర్వాతి దానికి ఉన్న దూరం, మీటర్లలో. చదవడానికి కొన్ని సెకన్లే. గట్టిగా చదువుకుంటే పద్యంలా ఉంటుంది. అక్క దాన్ని అలాగే చదువుతుంది, బిగువైన మలుపు వచ్చినప్పుడు గొంతు కొంచెం దించి.

రెక్కీలో చేసిన తప్పు ఆ రోజు తెలియలేదు. నెమ్మదిగా వెళ్తున్నప్పుడు ప్రతి మలుపూ సులువుగా కనబడుతుంది. మూడో స్టేజీలో ఒక ఎడమ మలుపును నాలుగు అన్నాను. రెండోసారి వెళ్లినప్పుడు అక్క అడిగింది, "ఇది నాలుగేనా? నాకు మూడులా ఉంది" అని. నాలుగే అన్నాను. రాసేసుకుంది.

స్క్రూటినీలో, అంటే పోటీకి ముందు జరిగే కారు తనిఖీలో, ఏ ఆటంకమూ రాలేదు. బ్యాటరీని ఆపే స్విచ్చి దగ్గర నీలం త్రికోణంలో ఎర్ర మెరుపు గుర్తు, అగ్నిమాపక సీసాల తేదీలు, హెల్మెట్ల లేబుళ్లు, లాగే కొక్కెం, అన్నీ చూశారు. మర్నాడు పొద్దున్నే స్టార్టు దగ్గర అక్క టైమ్ కార్డు అందించింది. ముప్పై సెకన్లు, పది, తర్వాత ఐదు నుంచి వెనక్కి లెక్క.

మొదటి స్టేజీ కళ్లతో నడిపాను. అక్క గొంతు చెవిలో ఉంది, మాటలు అర్థమవుతున్నాయి, కానీ ప్రతి మలుపూ కంటికి కనబడేదాకా కాలు నమ్మలేదు. 11 కిలోమీటర్ల తర్వాత ఫ్లయింగ్ ఫినిష్, అంటే వేగంగానే దాటే ముగింపు గీత, దాటి స్టాప్ బోర్డు దగ్గర ఆగితే, అక్క కార్డు మీద సమయం రాయించుకుని ఇటు తిరిగింది. "ఒరేయ్, నేనింతసేపూ ఎవరికి చదివాను?" కోపంగా అనలేదు. అందుకే ఎక్కువ తగిలింది.

రెండో స్టేజీలో పెద్ద గుంతలో కారు ఎగిరిపడింది, ఆమె ఒళ్లో పుస్తకం రెండు పేజీలు తిరిగిపోయింది. ఆ క్షణంలో ఊహించి ఏదో ఒకటి చదవడం అన్నిటికంటే ప్రమాదం. అక్క వెంటనే చెప్పేసింది, "చోటు పోయింది, కళ్లతో నడుపు." వేగం తగ్గించాను. అర కిలోమీటరు తర్వాత దాదాపు వెనక్కి తిరిగే కుడి మలుపు, హెయిర్‌పిన్, వచ్చింది, అది స్టేజీలో ఒక్కటే కాబట్టి దాన్ని పట్టుకుని మళ్లీ పుస్తకంలోకి వచ్చేసింది. తప్పిపోయానని అప్పటికప్పుడు చెప్పగల కో-డ్రైవర్ దొరకడం అదృష్టం. చాలామంది ఆ మాట నోటితో అనలేరు.

మూడో స్టేజీలో నమ్మడం మొదలుపెట్టాను. సరిగ్గా అక్కడే ఆ నాలుగు వచ్చింది. "ఎడమ నాలుగు" అని అక్క చదివింది, నాలుగుకు తగ్గ వేగంతో వెళ్లాను, మలుపు మాత్రం మూడే. ముందు చక్రాలు కంకర మీద జారి, కారు బయటి అంచు దాటి పక్క కాలవలోకి దిగి ఆగింది. దెబ్బలేమీ తగల్లేదు. ఇద్దరం ఒకరినొకరం "బాగున్నావా" అని అడిగాం. తర్వాత అక్క చేసిన పనులు చూస్తుంటే ఎన్నోసార్లు సాధన చేసినట్టున్నాయి. ఆకుపచ్చ ఓకే బోర్డు తీసి నా చేతికిచ్చింది, ఎర్ర త్రికోణం పట్టుకుని రోడ్డు అంచున వెనక్కి పరుగెత్తి, కారుకు 50 మీటర్లు వెనకగా పెట్టి వచ్చింది. ఎవరికైనా గాయమైతే ఎర్ర ఎస్‌ఓఎస్ బోర్డు చూపించాలి. అది చూసిన కారు తప్పనిసరిగా ఆగాలి, ఆగినందుకు వాళ్లకు న్యాయమైన సమయం ఇస్తారు. వెనక కారు వచ్చింది, మా ఓకే చూసింది, వెళ్లిపోయింది. రివర్సు వేసి, చక్రాలు తిరిగి, ఆపి, రాళ్లు సర్ది, మళ్లీ వేసి, నాలుగు నిమిషాలకు బయటపడ్డాం. మలుపు తప్పు కాదు, అక్క తప్పు కాదు. అంకె నాది. ఆమె అడిగినప్పుడు ఇంకోసారి చూసి ఉండాల్సింది.

సర్వీస్ పార్కులో 30 నిమిషాలిచ్చారు. ఇద్దరు స్నేహితులు జాకీ ఎత్తి వంగిన రిమ్ మార్చారు, టైరుకీ రిమ్ముకీ మధ్య ఇరుక్కున్న మట్టి తీశారు, ప్రతి నట్టూ టార్క్ రెంచితో బిగించారు. ఆ అరగంటలో అక్క పుస్తకం తెరిచి, రబ్బరుతో నాలుగు తుడిచి మూడు రాసింది. ఏమీ అనలేదు.

తర్వాతి టైమ్ కంట్రోల్‌కు, అంటే కార్డు మీద మా సమయం వేసే బల్ల దగ్గరికి, మూడు నిమిషాలు ముందే చేరాం. నేను తిన్నగా పోబోతే, ఆ చోటు మొదలయ్యే పసుపు బోర్డుకు ఇవతలే అక్క ఆపించింది. ఆలస్యమైతే నిమిషానికి 10 సెకన్లు, ముందొస్తే నిమిషానికి 60 సెకన్లు శిక్ష. గడియారం చూస్తూ, మా నిమిషం రాగానే కార్డు ఇచ్చింది. ర్యాలీలో చాలామంది కొత్తవాళ్లు సమయం పోగొట్టుకునేది మలుపుల్లో కాదు, ఇలాంటి బల్లల దగ్గర.

మధ్యాహ్నం అవే మూడు స్టేజీలు మళ్లీ. ముందు వెళ్లిన కార్లు వదులు కంకరను పక్కకు నెట్టేశాయి, గీత మీద గట్టి నేల బయటపడింది, గీత తప్పితే మాత్రం గులకరాళ్ల కుప్పలు. నాలుగో స్టేజీ మొదట్లోనే ఏదో మారింది. అక్క గొంతు ఒక మలుపు ముందు నడుస్తోంది. నేను ఒకటి తిప్పుతుండగా తర్వాతిది చెవిలో పడుతోంది, చేతులు దానికి సిద్ధమవుతున్నాయి. కళ్లు ఇప్పుడు రోడ్డు ఎటు పోతుందో వెతకడం లేదు, రాళ్లు, గాడులు చూస్తున్నాయి. పొద్దున్న నడిపిన అదే 11 కిలోమీటర్లలో 38 సెకన్లు తగ్గాయి. ఎక్కువ కష్టపడినట్టు అనిపించనే లేదు.

ఐదో స్టేజీలో ఆ మిట్ట ఉంది. పొద్దున్న అక్కడ కాలు వదిలాను. "వంద, మిట్ట మీద ఎడమ ఐదు." ముందు రోడ్డు ఆకాశంలో కలిసిపోయింది. కుడికాలు కదలలేదు. కారు కింద శబ్దం ఒక్కసారి మాయమైంది, కడుపు తేలింది, నేల మళ్లీ తగిలేసరికి మలుపు అక్క చెప్పిన చోటే, చెప్పినంతే ఉంది. గట్టు మీద ఒక మార్షల్ నిలబడి ఉండటం కంటి అంచున కనబడింది.

ఆరో స్టేజీలో మా కాలవ పక్కనుంచే వెళ్లాం, మా టైర్ల గీతలు ఇంకా ఉన్నాయి. "ఎడమ మూడు." మూడే. ఫినిష్ బోర్డు కనబడ్డాక కూడా అక్క చదవడం ఆపలేదు. 1998లో బ్రిటన్ ర్యాలీ చివరి స్టేజీలో, ముగింపు కొన్ని వందల మీటర్ల దూరంలో ఉండగా కార్లోస్ సాయిన్జ్ ఇంజిన్ ఆగిపోయి ప్రపంచ టైటిల్ టామీ మాకినెన్‌కు వెళ్లిపోయింది. లూయిస్ మోయా అప్పుడు ఆయన కో-డ్రైవర్. అక్కకు ఆ కథ బాగా తెలుసు, స్టాప్ బోర్డు దగ్గర చక్రాలు ఆగేదాకా పుస్తకం మూయదు.

మా తరగతి కార్లలో చివరి నుంచి రెండో స్థానం వచ్చింది. కారు నడుచుకుంటూ పార్క్ ఫెర్మేలోకి, అంటే పోటీ అయ్యాక కార్లను ఎవరూ ముట్టకుండా ఉంచే చోటికి, వెళ్లింది, ఇద్దరం హెల్మెట్లు పట్టుకుని బయటికి వచ్చాం. అంతకంటే ఆ రోజు నేనేమీ కోరుకోలేదు.

పోయిన నెల అక్క అడిగింది, వచ్చే ర్యాలీలో తను నడుపుతానని. 1981లో ఇటలీలో సాన్‌రెమో ర్యాలీ గెలిచి ప్రపంచ చాంపియన్‌షిప్ ర్యాలీ గెలిచిన మొదటి మహిళ అయిన మిషెల్ మూటన్ ఫొటో ఆమె గదిలో చాలాకాలంగా ఉంది. పక్కన కో-డ్రైవర్ ఫాబ్రిజియా పోన్స్. ఇన్నాళ్లూ ఆ ఫొటోలో అక్క ఎవరిని చూస్తోందో నేను అడగలేదు. ఇప్పుడు వారాంతాల్లో ఆమె ఆటోక్రాస్ మైదానంలో ఎడమకాలితో బ్రేకు నేర్చుకుంటోంది, నేను పక్క సీట్లో పుస్తకం పట్టుకుని చదవడం నేర్చుకుంటున్నాను. తల వంచుకుని చదివితే పది నిమిషాలకు కడుపులో తిప్పుతోంది, తలెత్తితే వరుస పోతోంది.

"తలెత్తకురా," అంటుంది అక్క స్టీరింగ్ తిప్పుతూ. "మలుపు నీ నడుముకు తెలుస్తుంది. చదువు, తర్వాతిది చదువు."